ఆరో పాదం

బెలార్మీనో గొంతెత్తగానే అల్జీరా పెనం కింద కట్టెలు వెనక్కి లాగేది. అట్టు మాడకుండా జాగ్రత్త పడుతోందని చూసేవాళ్ళు అనుకునేవాళ్ళు. అసలు సంగతి వేరు. కట్టెలు చిటపటలాడితే పాటలో మాటలు సరిగా వినపడవు.

సంతలో వాళ్ళిద్దరి చోట్లూ పక్కపక్కనే, చర్చి మెట్లకు ఎదురుగా. అల్జీరాది కర్రపెండలం పిండి అట్ల దుకాణం. దుకాణమంటే ఎంత? ఒక ఇనప పెనం, పొయ్యిరాళ్ళు, కొబ్బరి కోరు నింపిన గిన్నె, నెత్తిన గోనెపట్టా నీడ. బెలార్మీనోది పాటల పెట్టె. కొయ్యపీట మీద రేకు పెట్టె తెరిచి, దాని మీదుగా తాడు కట్టి, బట్టలారేసినట్టు సన్నటి పుస్తకాలు వేలాడదీసేవాడు. ఒక్కోటి ఎనిమిది పేజీలు. అట్ట మీద చెక్క అచ్చు బొమ్మ, లోపల ఆరేసి పాదాల పద్యాలు. రాసేదీ ఆయనే, పాడేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే.

ఆ పాడడంలో ఒక కిటుకుంది. మా వైపు సంతల్లో పాటల పుస్తకాలమ్మే ప్రతివాడికీ తెలిసిన కిటుకే. కథ పాడుకుంటూ పోయి, జనం ఊపిరి బిగబట్టిన చోట టక్కున ఆపేయాలి. ఆ తర్వాత ఏమైందో తెలియాలంటే పుస్తకం కొనుక్కోవాలి. చదువురానివాళ్ళు కూడా కొంటారు. ఇంటికి పట్టుకెళ్ళి, నాలుగక్షరాలు వచ్చిన చుట్టాన్ని కూర్చోబెట్టి చదివించుకుంటారు. జాలిపడి కొసదాకా పాడేసిన కవి ఆ సాయంత్రం పస్తుండాల్సిందే.

వానలు మొదలైనప్పటినుంచి ఆయన పాడుతున్నది లియొనోర్ కథ. మొగుడి దెబ్బలకు తాళలేక ఇల్లు విడిచిన ఆడమనిషి కథ. తోలు టోపీల పశువులవాళ్ళు, మేకల్ని తాళ్ళతో లాక్కొచ్చిన ఆడవాళ్ళు, మట్టికుండలు అమ్మేవాళ్ళు చుట్టూ మూగారు. బెలార్మీనో కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

మూట ఒక్కటి చంకన పెట్టి
ముళ్ళ దారిన నడిచింది
వెనక కుక్క మొరిగినా కూడా
వెనుదిరగక సాగింది
తెల్లవారి ఏటి ఒడ్డున
తెల్లబోయి నిలిచింది

ఆ మూట అల్జీరాది. ఆ కుక్కా అల్జీరాదే. దాని పేరు కూడా ఆమెకు గుర్తుంది. ఒకసారి మాటల్లో మాటగా బెలార్మీనోకి చెప్పింది ఇదంతా. ఈ ఊళ్ళో ఎవరికి చెప్పినా, ఎందుకు వచ్చేశావని అడిగేవారు, లేకపోతే మళ్ళీ ఎప్పుడు వెళ్తావని అడిగేవారు. అతడొక్కడే "నీళ్ళు చల్లగా ఉన్నాయా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి అల్జీరా ఆ రోజంతా లోలోపల ఏడ్చింది. సంతోషంగానే ఏడ్చింది.

కత్తి లాంటి చలి నీళ్ళల్లో
కాలు పెడితే కోసేను
ముందు వరద, వెనక మొగుడు
మూగ నోటితో చూసేను
ఒక్క అడుగు వేసె లియొనోర్
ఓ దేవుడా, ఏం చేసేను?

అక్కడ ఆపేశాడు. కళ్ళు తెరిచి, తాడు మీంచి ఒక పుస్తకం తీసి పైకెత్తాడు.

"చచ్చిందా బతికిందా చెప్పవయ్యా బాబూ, బస్సు పోతోంది నాకు," అన్నాడొక పశువులాయన.

"నేను చెబితే గాలికి పోద్ది. పుస్తకం చెబితే ఇంట్లో ఉంటది," అన్నాడు బెలార్మీనో. నవ్వుతూనే చేతులు చాచారు జనం.

అల్జీరా ఏనాడూ కొస అడగలేదు. అడగడం ఎందుకు, ఆమెకు తెలిసిందేగా. లియొనోర్ ఏరు దాటింది. దాటబట్టే ఇక్కడ కూర్చుని అట్లు పోస్తోంది.

బేరాలు సద్దుమణిగాక బెలార్మీనో వచ్చి బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, భార్య పోయి చాలా కాలమైంది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కాస్త కాఫీ పొయ్. గొంతెండిపోయింది."

"ఊరు ఊరంతటినీ ఏట్లో నిలబెట్టి వచ్చారు. మీ గొంతొక్కటే ఎండిందా కవిగారూ?"

అతడు నవ్వి కాఫీ అందుకున్నాడు. తాగలేదు. టోపీ అంచు మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. "అల్జీరా, మా ఇంట్లో రెండు గదులున్నాయి."

"తెలుసుగా. ఒకదాన్నిండా కాయితాలే."

"కాయితాలు తీసేస్తా. పడుకునే ఊయల కట్టుకునే కొక్కేలు కూడా ఖాళీగానే ఉన్నాయి ఆ గదిలో. నువ్వొస్తే బాగుంటుంది."

అల్జీరా జల్లెట్లోంచి పిండి పెనం మీదకు జల్లింది. చేయి ఒక్క పక్కకే పోయి అట్టు వంకరగా వచ్చింది. "నాకు మొగుడున్నాడండీ. చర్చి పుస్తకంలో రాసే ఉన్నాడు."

"ఆ రాత చెరిపే చట్టం ఈ దేశంలో లేదని నాకూ తెలుసు. పెళ్ళి చేసుకోమని అడగలేను. వచ్చి ఉండమని అడుగుతున్నా."

అల్జీరా అట్టు తిప్పింది. కొబ్బరి వేసి మడిచింది. అడిగిన కుండలావిడకు అందించింది. అప్పుడు అంది, "వచ్చే శనివారం చెప్తానండీ."

అప్పుడే చెప్పేయొచ్చు. ఆమె మనసు అప్పటికే ఆ గది ఊడుస్తోంది. కానీ ఇన్నేళ్ళకు ఎవరో అడిగారు; వారం రోజులు ఆ అడిగిన మాటను కొంగున కట్టుకుని తిరగాలనిపించింది. అతడు లేచి వెళ్తుంటే, "నాకూ ఒక పుస్తకం ఇవ్వండి," అంది.

"నీకెందుకు? కంఠతా వచ్చుగా."

"బొమ్మ చూసుకుంటా."

బెలార్మీనో పుస్తకం ఇచ్చాడు. ఇస్తూ ఎందుకో చర్చి గడియారం వైపు చూశాడు.

*

ఆదివారం పూజ అయ్యాక కందీడా ఇంటి గడప మీద ఇద్దరూ పచ్చి అలసందలు ఒలుస్తున్నారు. కందీడా చర్చి బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. ప్రార్థన పుస్తకం తడుముకోకుండా చదువుతుంది. ఆవిడ మనవరాలి బాప్తిస్మంలో జ్ఞానతల్లిగా నిలబడింది అల్జీరానే. అప్పట్నుంచీ ఈమెకు ఆవిడ వదిన. అక్షరం రాని అల్జీరా జాకెట్లోంచి పుస్తకం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఏటి దగ్గర్నించి చదువు వదినా. ముందుదంతా నాకొచ్చు."

"వారం వారం వింటూనే ఉంటావుగదే."

"కొస వినలేదు. చదువు, తర్వాత నీకో మాట చెప్తా."

కందీడా వేలు తడి చేసుకుని పేజీలు తిప్పింది. పూజలో చదివినట్టు మెడ నిటారుగా పెట్టి మొదలుపెట్టింది.

ఒడ్డు చేరే లోపలే ఆమెకు
ఒంటి నిండా రోమం మొలిచె
పాదాలు రెండూ గిట్టలాయె
పలుకు పోయి సకిలింపు నిలిచె
పెళ్ళి ఉంగరం విసిరిన వేలే
పెంటలో కంచరగిట్టై వెలిసె

చదువుతున్నకొద్దీ ఆవిడకు ఊపొచ్చింది. లియొనోర్ కంచరగాడిద అయిపోయి, ప్రతి శుక్రవారం నోట్లో కళ్ళెంతో ముళ్ళకంపల్లో పరిగెడుతుంది. ఆ మొగుడేమో చర్చి వాకిట్లో కూర్చుని ఉంటాడు. ఊరంతా అయ్యో పాపం అని వాడికి కూడు పెడుతుంది. చివరి పద్యం ఆడవాళ్ళకు నీతి. పొయ్యి దగ్గర కూర్చున్న కాళ్ళు కాళ్ళలాగే ఉంటాయి, గడప దాటిన కాళ్ళకు గిట్టలొస్తాయి అని.

"బాగా కట్టాడే," అంది కందీడా పుస్తకం మూసి. "గిట్టలు మొలిచిన చోట ఒళ్ళు ఝల్లుమంది చూడు."

అల్జీరా చేతిలో అలసందకాయ ఒలవకుండా అలాగే ఉంది. "మళ్ళీ చదువు."

"ఏది?"

"గిట్టలది."

కందీడా మళ్ళీ అందుకుంది. ఈసారి సగంలో గొంతు తగ్గిపోయింది. పుస్తకంలోంచి తలెత్తి అల్జీరా వైపు చూసింది. అల్జీరా తన పాదాలను చూసుకుంటోంది. వెడల్పాటి పాదాలు, మడమలు పగిలి, పొయ్యి బూడిద ఎక్కి ఉన్నాయి. పాదాలే అవి.

"ఓసి పిచ్చి మొహమా, ఇది నీ గురించి కాదే," అంది కందీడా. "కథల్లో ఇలాగే ఉంటది. నీది వేరు."

"ఎలా వేరు వదినా?"

"ఎలా ఏంటి, మొగుడై ఉండి ఆ ఒలెగారియో నీ చెయ్యి విరగ్గొట్టాడు."

"లియొనోర్‌ది కూడా విరిగింది. పాటలోనే ఉంది."

కందీడా అలసందకాయలు రెండు గబగబా ఒలిచింది. గింజలు పొట్టులో వేసి, పొట్టు గిన్నెలో వేసింది. "ఏదో మాట చెప్తానన్నావు?"

"తన ఇంటికి రమ్మన్నాడు. పాటలాయన."

"ఓరి నాయనోయ్." కందీడా మెడలో శిలువ పట్టుకుంది. "వెళ్తే పూజలో ఫాదరుగారు నీకు సత్ప్రసాదం ఇవ్వరు. మా పిల్లకి జ్ఞానతల్లివి నువ్వు. నలుగురూ నాలుగు రకాలుగా అంటారు. తెలుసా?"

"అవన్నీ నిన్ననే చూసుకున్నా వదినా. అన్నా పర్లేదనుకున్నా. ఎవరేమన్నా ఆ మనిషికి నేనేంటో తెలుసు కదా, చాల్లే అనుకున్నా." అల్జీరా పుస్తకం తీసుకుని అట్ట మీది బొమ్మను బొటనవేలితో రుద్దింది. ఏటి ఒడ్డున మూటతో నిలబడ్డ మనిషి. చెక్కినవాడు ఆమెకు చక్కటి పాదాలే చెక్కాడు. "ఆయన కూడా నాకు గిట్టలే పెట్టాడు."

కందీడా లేచి లోపలికెళ్ళి, బెల్లంముక్క తెచ్చి, చంటిపిల్లకు పెట్టినట్టు అల్జీరా నోట్లో పెట్టింది.

*

శుక్రవారం మధ్యాహ్నం బెలార్మీనో ప్రెస్సు నుంచి కాగితాల కట్టతో వచ్చాడు. ప్రతి శుక్రవారం వచ్చేదే. సంతకు కావలసిన పుస్తకాలు అల్జీరా వాకిట్లో, ఆమె బల్ల మీదే తయారవుతాయి. అచ్చయిన కాగితాన్ని రెండుసార్లు మడవాలి, మడత మీద చెంచా వెనక్కి తిప్పి గీయాలి, కోయాలి, ఆకులో ఆకు పెట్టి వెన్ను దగ్గర జిగురు రాసి అట్ట అంటించాలి. జిగురు కూడా అల్జీరా పిండే. అట్లకు జల్లెడ పట్టగా మిగిలింది ఉడకబెడితే గట్టిగా పడుతుంది.

అల్జీరా మడతలు పెడుతోంది. ఆమె చెంచా గీస్తే మడత కత్తిలా ఉంటుందని అతడు అందరి దగ్గరా చెప్పేవాడు. ఈ చేతులతోనే ఎన్ని వందల గిట్టలు మడిచానో అనుకుంది ఆమె. అక్షరాలు చీమల్లా కనిపించాయే గాని ఒక్కటీ కుట్టలేదు.

"కవిగారూ, ఏరు ఎక్కడుంది ఇందులో?"

అతడు ముచ్చటపడి దగ్గరికి జరిగాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఆరో పేజీ. ఇదే చలి నీళ్ళు."

"ఇదేంటి?"

"మొదటి పేజీ. లియొనోర్ పుట్టడం."

"మరి గిట్టలు ఎక్కడున్నాయి?"

అతడి వేలు కాగితం మీదే ఆగిపోయింది. వీధిలో గాడిదల మీద నీళ్ళు అమ్మేవాడు అరుచుకుంటూ పోయాడు. తర్వాత వేలు మెల్లిగా పక్కకు జరిపాడు. "ఇక్కడ. పుట్టిన పేజీ, ఇదీ ఒకే కాయితం. మడత పెడితే ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి వస్తాయి."

"ఊఁ," అంది అల్జీరా. మడత పెట్టింది.

"ఎవరు చదివారు?"

"కందీడా వదిన. బాగా కట్టారంది."

బెలార్మీనో కళ్ళజోడు తీసి చొక్కాతో తుడిచాడు. చేతికున్న జిగురు అద్దానికి అంటింది. "ఒకసారి కొస మార్చి రాశాను అల్జీరా. వేరే కథకి. లేచిపోయిన పిల్ల నలుగురు బిడ్డల్ని కని సుఖంగా ఉన్నట్టు రాశా. కొన్న ఒక్కడూ మర్నాడు పుస్తకం వెనక్కి తెచ్చాడు, ఇంట్లో ఆడపిల్లలున్నారయ్యా అని. ఫాదరుగారు మెట్ల ముందు పెట్టె పెట్టొద్దన్నారు. ఆ వానాకాలం ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆడది గడప దాటితే దానికేదో ఒకటి అవ్వాలి. అవ్వకపోతే ఈ జనం ఊరుకోరు."

"అందుకని."

"ఏటి దాకా నీ కోసం రాశాను. అక్కణ్ణించి సంత కోసం రాశాను." అద్దానికి అంటిన జిగురు గోటితో గీకాడు. "ఆ చలి నీళ్ళు రాస్తుంటే ఏడుపొచ్చింది నాకు."

"తెలుసండీ. పాట వింటే తెలిసిపోద్ది." ఆమెకు అతడి మీద జాలి కూడా వేసింది. అదే ఆమెకు కష్టంగా ఉంది. ఒట్టి కోపమే అయితే తేలిగ్గా ఉండును.

"నీ పేరెక్కడా పెట్టలేదుగా. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదండీ." అల్జీరా చెంచా బల్ల మీద పెట్టింది. "ఆరు పేజీలు చెయ్యి పట్టుకుని నడిపించారు నన్ను. ఏడో పేజీలో జనం చూస్తున్నారని వదిలేశారు. మీ ఇంటికి వచ్చాక ఎన్నో పేజీలో వదులుతారు?"

బెలార్మీనో అట్టలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. సర్దినవి మళ్ళీ సర్దాడు. "నేను అడిగినదానికి..."

"శనివారమన్నాను. శనివారమే చెప్తా."

మిగిలిన కాగితాలన్నీ ఆమె మడిచింది. జిగురు రాసింది. కోపమొస్తే పని మధ్యలో వదిలేసే అలవాటు ఆమెకు లేదు. మొగుణ్ణి వదిలిన రోజు కూడా గిన్నెలు తోమే వచ్చింది.

*

శనివారం ఎండ బాగా కాసింది. సంతకు జనం విరగబడ్డారు. చర్చిలో ఇస్త్రీ బట్టలు ఇచ్చిపోవడానికి వచ్చానని చెప్పి, కందీడా బట్టల బుట్టతో సహా పాటల పెట్టె ముందే నిలబడిపోయింది.

బెలార్మీనో పాట మొదలుపెట్టాడు. అల్జీరా కట్టెలు వెనక్కి లాగింది. పుట్టుక అయింది, పెళ్ళి అయింది, విరిగిన చెయ్యి అయింది. మూట, కుక్క, ముళ్ళ దారి. చలి నీళ్ళ దగ్గరికొచ్చేసరికి అతడి గొంతు బొంగురుపోయింది. జనం అది కూడా కథలో భాగమే అనుకుని ఇంకా దగ్గరికి జరిగారు.

ఒక్క అడుగు వేసె లియొనోర్
ఓ దేవుడా, ఏం చేసేను?

ఆపాడు. పుస్తకం తీసి పైకెత్తాడు. ఎప్పుడూ అనే మాట అనాలి, పుస్తకం కొనుక్కోండి అనాలి. చెయ్యి లేచింది గాని మాట రాలేదు.

ఆ ఖాళీలో అల్జీరా అంది, "ఏం చేసిందో నేను చెప్తాను."

గట్టిగా అనలేదు. పక్కన కుండలావిడ వింది, తిరిగింది. ఆవిడను చూసి పశువులాయన తిరిగాడు. మెల్లిగా అందరి మొహాలూ పెనం వైపు తిరిగాయి.

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు పశువులాయన. "మా ఇంట్లో చదివిస్తే కంచరగాడిద అయిపోయిందిగా."

"ఎవరు చదివారు మీ ఇంట్లో?"

"మా బావమరిది."

"ఆ ఏటి దగ్గర మీ బావమరిది ఉన్నాడా?"

"వాడు ఊరు దాటి ఎరగడు."

"నేనున్నాను," అంది అల్జీరా.

నవ్వబోయినవాళ్ళు నవ్వలేదు. అల్జీరా చేతులు పావడకు తుడుచుకుని లేచి నిలబడింది. వారం వారం విన్న బాణీ, నిద్రలో కూడా వచ్చే బాణీ, అదే ఆసరా. పాడడం రాదు ఆమెకు. పొయ్యి దగ్గర గొణుక్కున్నట్టే పాడింది.

నీళ్ళు చల్లగా ఉన్నది నిజమే
నిలువునా వణికి దాటింది
మోకాళ్ళ దాకా తడిసిన పావడ
ముళ్ళకంప మీద ఆరింది
గిట్టలు గిట్టలంటారు గాని
గిన్నెడు గంజి తాగింది

ఎవరో ఫక్కున నవ్వారు. ఆడగొంతు. ఆ నవ్వు మేకలవాళ్ళ వైపు నుంచి కుండలవాళ్ళ వైపుకి పాకింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతూ నవ్వుతున్న మేకలావిడ ఒకత్తె అల్జీరా పాదాల వైపు చూసింది. తర్వాత తన పాదాల వైపు చూసుకుంది.

"మరి దేవుడు చూస్తూ ఊరుకున్నాడా?" పశువులాయన వదల్లేదు.

"ఆ పొద్దున ఆయన వరద పని మీద ఉన్నాడేమో. నన్నైతే ముంచలేదు."

బెలార్మీనో ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, పుస్తకం చేతిలోనే ఉంది. అల్జీరా అతడి వైపు చూడకుండా రెండో పద్యం అందుకుంది.

పాటల పెట్టె మోసే ఒకడు
పక్కన వచ్చి నిలిచాడు
రెండు గదుల ఇల్లుంది, రమ్మని
రెండే మాటలు పిలిచాడు
అట్టు తిప్పుతూ ఆవిడ అప్పుడు

అక్కడ ఆపేసి కూర్చుంది. కట్టెలు ముందుకు తోసింది.

ఐదు పాదాలు విన్న చెవులు ఆరోదాని కోసం ఎదురుచూశాయి. రాలేదు. ఆరు పాదాల పద్యానికి అలవాటుపడ్డ జనం వాళ్ళు. మెట్టు ఉందనుకుని కాలు పెడితే లేనట్టయింది అందరికీ.

"అప్పుడు ఏమంది?" అన్నారెవరో.

"ఏమందమ్మా?"

"ఏమందే చెప్పు," అంది కందీడా. అందరికన్నా గట్టిగా అంది. సత్ప్రసాదం సంగతి, నలుగురి మాటల సంగతి ఆ క్షణాన ఆవిడకు గుర్తున్నట్టు లేదు. బుట్టలోంచి పీఠం మీద పరిచే తెల్లబట్ట ఒక కొస జారి దుమ్ములో పడుతున్నా చూసుకోలేదు.

అల్జీరా జల్లెడ అందుకుంది. "అట్లు వేడిగా ఉన్నాయి. తింటూ ఆలోచించండి."

సంతంతా గొల్లున నవ్వింది. "కవిగారి విద్య కవిగారికే పెట్టిందిరోయ్," అన్నాడు పశువులాయన. అనడమే కాదు, వచ్చి మొదట నిలబడ్డాడు. వెనక మేకలావిడ, కుండలావిడ, కందీడా. వరస చర్చి మెట్ల దాకా పోయింది. అల్జీరా పిండి జల్లుతోంది, పెనం మీద రవ్వ రవ్వగా ఉన్నది ఒక్కటై అంటుకుంటోంది, తిప్పుతోంది, కొబ్బరి వేసి మడుస్తోంది. ఏమందో ఎవరికీ చెప్పలేదు. అట్టు అందుకున్నవాళ్ళు కూడా పక్కకు జరిగి నిలబడ్డారే గాని వెళ్ళలేదు.

వరస చివర బెలార్మీనో ఉన్నాడు. తాడు మీది పుస్తకాలు గాలికి అల్లల్లాడుతున్నాయి. వాటి దగ్గర ఎవరూ లేరు. అతడి వంతు వచ్చింది.

"ఒక అట్టు," అన్నాడు.

అల్జీరా పిండి జల్లింది. తలెత్తలేదు.

అతడు చేతిలోని పుస్తకం తెరిచాడు. చివరి ఆకు పట్టుకుని, వెన్ను దగ్గర్నించి జాగ్రత్తగా లాగాడు. జిగురు బాగా పట్టుంది, తొందరగా రాలేదు. వచ్చేటప్పుడు మొదటి ఆకు కూడా దాంతోపాటే ఊడి చేతిలోకి వచ్చింది. గిట్టలు పోయాయి. పుట్టుక, పెళ్ళి కూడా పోయాయి. దెబ్బలు, నడక, ఏరు మాత్రం మిగిలాయి.

"మొదటిది కూడా వచ్చేసింది అల్జీరా," అన్నాడు.

"అదీ ఇదీ ఒకే కాయితమని నువ్వేగా చెప్పావు."

నువ్వు అంది. ఇన్నేళ్ళలో మొదటిసారి అంది. అతడు విన్నాడు. పక్కకు జరిగి నిలబడ్డ కందీడా కూడా విని, అట్టు నమలడం ఆపేసింది.

బెలార్మీనో చింపిన ఆకులు రెండూ పొయ్యిలో పెట్టాడు. పెట్టి, అవి అంటుకునేదాకా చూశాడు. "అయితే మొదట్నించీ మళ్ళీ రాయాలి."

"రాయి. రాసి నాకు వినిపించు. ఏటి దగ్గర ఆపకుండా, కొసదాకా. అప్పుడు చెప్తా ఆరో పాదం."

అతడు తలూపాడు. తర్వాత పాటల పెట్టె వైపు, తాడు వైపు, చర్చి మెట్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. భయం లేదంటే అబద్ధం. "కొనరేమో అల్జీరా."

అల్జీరా అట్టు మడిచి అతడి చేతిలో పెట్టింది. పక్కనున్న బోర్లించిన డబ్బాను కాలితో అతడి వైపు జరిపి, కొబ్బరి చిప్పా తురిమే కోరామూ ముందుకు తోసింది.

"అట్లు కొంటారులే," అంది. "కూర్చో. కొబ్బరి అయిపోయింది."